మెట్లను ఎవరూ ఏమీ అనకండి

మెట్లంత మేలు చేసేవి లోకంలో ఇంకేవీ లేవు. కాళ్ళు కదపలేని వాళ్ళకైతే మరీను. కాదంటారా? అయితే మా బొగ్దాన సంగతి వినండి.

ఆవిడకు మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. అరవై ఏళ్ళుగా చక్రాల కుర్చీయే. మెట్లే లేకపోతే ఆవిడ ఎవరికి పట్టేది? మెట్లున్నాయి గనుక పెళ్ళికి వెళ్ళాలన్నా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా నలుగురు మగాళ్ళు వచ్చి ఎత్తుకు తీసుకెళ్తారు. మహారాణులకైనా ఉందా ఆ భోగం? బడికి పద్దెనిమిది మెట్లు. మోసే నాన్నకు నడుం పట్టేసిన ఏడాది చదువు ఆగిపోయింది. ఊలు అల్లడం నేర్చుకుంది. చేతిపని ఊరికే వస్తుందా!

ఇంత మేలు పొంది కూడా, మునిసిపల్ ఆఫీసుకు వాలు దారి కట్టమని అర్జీ పెట్టింది. తనొక్కదానికే కాదు, ఊళ్ళోని పదకొండు చక్రాల కుర్చీల తరఫున. జనవరిలో కౌన్సిల్ రమ్మంది. పదింటికల్లా హాజరు కాకపోతే అర్జీ కొట్టేస్తారట. మీటింగు ఎక్కడంటారు? రెండో అంతస్తులో.

మా బల్గేరియాలో మంచి పని మీద బయల్దేరేవాళ్ళ ముందు గడపలో నీళ్ళు పోస్తాం, పని నీళ్ళలా సాగిపోవాలని. ఆ రోజు ఇంటికో చెంబు చొప్పున తొమ్మిదిళ్ళ వాళ్ళం పోశాం. జనవరి అన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. బొగ్దాన గుమ్మం దాటేసరికి గడప ముందంతా అద్దంలా గడ్డకట్టింది.

"ఏమే పెన్కా, నన్ను ఆఫీసుకు పంపిస్తున్నారా, పైలోకానికా?" అంది బొగ్దాన, కుర్చీ గిర్రున తిరుగుతుంటే.

"నోర్మూసుకుని బ్రేకు పట్టుకోవే," అంది పక్కింటి పెన్కా, పొయ్యిలో బూడిద తెచ్చి చల్లుతూ.

చేరేసరికి పదిన్నర. అర్జీ కొట్టేశారని గుమాస్తా పైనుంచే కేకేశాడు. బొగ్దాన మెట్ల మొదట్లో, ఇరుకు చోట, కుర్చీ అడ్డంగా పెట్టి బ్రేకు వేసింది. ఆ ఆఫీసుకు ఉన్నది ఆ ఒక్క మెట్ల దారే.

పన్నెండింటికి కౌన్సిల్ భోజనానికి దిగింది. దిగి, ఆగింది.

"బొగ్దానమ్మా, కాస్త పక్కకు జరుగు. అక్కడ బీన్సు చారు చల్లారిపోతోంది," అన్నాడు చైర్మన్ స్పాసొవ్.

"నా అంతట నేను జరగడం ఎక్కడుంది బాబూ? నేనెటు కదలాలన్నా నలుగురికి తీరిక కుదరాలి. అరవై ఏళ్ళుగా నేను ఆగుతున్నా. మీరో పూట ఆగలేరా?"

ఎత్తి పక్కన పెట్టబోయిన ఇద్దరికి అల్లిక సూది చూపించింది.

చేసేదిలేక మెట్ల మీదే కూర్చుని చర్చ మొదలుపెట్టారు. కింద రాయి జివ్వుమంటుంటే చర్చలు ఎంత తొందరగా తెములుతాయో! పావుగంటలో చేతులన్నీ లేచాయి. వాలు దారి మంజూరు. ఇప్పుడైనా ఒప్పుకుంటారా మెట్ల మహిమ?

"ఇక నీ సంతకం ఒక్కటే. పుస్తకం పైన ఉంది. నలుగురం కలిసి నిన్ను మోసుకెళ్తాం పద," అన్నాడు స్పాసొవ్, ప్రేమగానే.

"ఆ పుస్తకాన్నే కిందికి తెప్పించు బాబూ," అంది బొగ్దాన. "దానికి ఒక్కడు చాలు."