రెండో కుర్చీ

ఇటలీలోని పలెర్మో పాతబస్తీలో ఇంటి ముందు కారు పెట్టుకునే చోటు దొరికినవాడు దాన్ని ప్రాణం పోయినా వదులుకోడు. రొసొలీనో అయితే ఆ చోటు పోతుందన్న భయంతో కారును కదపడమే మానేశాడు. ఉద్యోగానికి బస్సు, సంతకు కాలినడక. ఏళ్ల తరబడి పావురాలూ దుమ్మూ కలిసి ఆ కారుకు బూడిద రంగు పూశాయి. ఆ రోజు మాత్రం ప్రభుత్వ తనిఖీకి తీసుకెళ్లక తప్పలేదు. పొద్దున్నే కారు తీసి, ఖాళీ అయిన చోట ఊరి ఆచారం ప్రకారం వంటింటి కుర్చీ వేశాడు. రోడ్డు మీద ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎంతటి మొనగాడైనా అక్కడ కారు పెట్టడు.

"ఏమండీ, ఒక్క కుర్చీ సరిపోతుందా?" అంది భార్య సాంతీనా.

"ఇంకోటి కూడా వెయ్యి. ఇట్టే వచ్చేస్తా."

ఆ రెండో కుర్చీయే కొంప ముంచింది. ఒక కుర్చీ అంటే కారు చోటు. రెండు కుర్చీలంటే కబుర్లు. ఎదురింటి ముసలావిడ నీంఫా బఠాణీల బుట్టతో వచ్చి ఒకదాంట్లో కూలబడింది. రెండోదాంట్లో మంగలి భార్య కూర్చుంది. తర్వాత వచ్చినవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకున్నారు. కార్లున్నవాళ్లు వాటిలో పనులకు పోయారు కాబట్టి, మిగిలినవాళ్లకు అడ్డు చెప్పేవాడు లేడు. కాఫీ వచ్చింది, పేకముక్కలు వచ్చాయి, ఎవరో వంకాయలు వేయించడం మొదలుపెట్టారు. పొద్దెక్కేసరికి వీధి నిండా కుర్చీలే.

అప్పుడే కౌన్సిలర్ కుజిమానో గారు ఒక పోలీసును వెంటబెట్టుకుని అటు నడుచుకుంటూ వచ్చారు. ఆ వీధిని కార్ల నుంచి విడిపించి సైకిళ్లకూ నడిచేవాళ్లకూ ఇవ్వాలని ఆవిడ చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. కిందటిసారి వస్తే వీధివాళ్లు బాల్కనీల మీంచి ఆవిడ నెత్తిన నీళ్లు కుమ్మరించారు. ఇప్పుడు ఈ సంబరం చూసి ఆవిడకు కళ్లు చెమర్చాయి.

"ఇదంతా మొదలుపెట్టింది ఎవరమ్మా?"

"మా రొసొలీనో," అంది నీంఫా బఠాణీలు ఒలుస్తూ. "పొద్దున్నే కుర్చీలేసి పోయాడు, బంగారుతండ్రి."

ఆ బంగారుతండ్రి కారు తనిఖీలో నెగ్గింది. మెకానిక్ ముచ్చటపడి దాన్ని కడిగితే, బూడిద కింద నుంచి పెళ్లికూతురిలా ఎరుపు బయటపడింది. మురిసిపోతూ వీధి మొదట్లోకి వచ్చిన రొసొలీనో, కుర్చీల సముద్రం చూసి కారును అక్కడే అడ్డంగా వదిలి పరుగెత్తాడు.

"లేవండి, లేవండి. ఆ కుర్చీ నాది."

ఆ మాటకు వీధంతా చప్పట్లు. కౌన్సిలర్ గారు అతన్ని కావలించుకుని, తన పదవికి గుర్తుగా వేసుకున్న మూడు రంగుల పట్టీ తీసి అతని భుజాన వేశారు.

"మీరే చెప్పండి రొసొలీనో గారూ. రోడ్డు కార్లదా, మనుషులదా?"

రొసొలీనో నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. పక్కనే ఉన్న పోలీసు చలానా పుస్తకంతో విసురుకుంటూ, "కారు చోటు ఆపుకోడానికి కుర్చీ వేసుంటే జరిమానా బాదేవాణ్ణి. ఇది ప్రజాసేవ కదా, వదిలేస్తున్నా," అన్నాడు.

"మనుషులదేనండి," అన్నాడు రొసొలీనో.

ఇవాళ్టి నుంచి ఈ వీధిలోకి కారు అడుగుపెట్టదని కౌన్సిలర్ గారు అక్కడికక్కడే ప్రకటించారు. అప్పుడు పోలీసు వీధి మొదలు కేసి చూశాడు.

"మరి ఆ ఎర్ర కారు ఎవరిది?"

ఎవరూ గుర్తుపట్టలేదు.

"ఎవడో పొగరుబోతు," అంది నీంఫా. "రొసొలీనో, పెద్దమనిషివి నువ్వే చెప్పు నాయనా. ఏం చేద్దాం దాన్ని?"

అందరి కళ్లూ అతని మీదే. జేబులో తాళాలు తొడకు గుచ్చుకుంటున్నాయి. ఆ కారంటే అతనికి కడుపున పుట్టిన బిడ్డతో సమానం. సాంతీనా దగ్గరికి జరిగి మెల్లగా అంది:

"ఏమండీ, మన కారు కూడా ఒకప్పుడు ఎర్రగానే ఉండేది కదూ?"

"అదెప్పటి మాట," అన్నాడు రొసొలీనో. పోలీసు వైపు తిరిగి, "తీసుకుపొండి," అన్నాడు.

క్రేన్ బండి వచ్చి కారును ఎత్తుకుపోతుంటే జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. అందరికంటే ఆఖరున ఆపింది రొసొలీనోయే.