శ్రీరంగప్ప పిడికిలి

కుమ్మరి శ్రీరంగప్పకు వజ్రం దొరికిందనీ, దానిని కుడిచేతి పిడికిట్లో బిగించి నిద్రలో కూడా వదలడం లేదనీ వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల్లో నమ్మనివారు లేరు. తొలకరి పడితే చేలలో రాళ్లు వెతికే సీమ అది. మట్టి తవ్వే మనిషికి రాయి దొరకడంలో ఎవరికీ వింత తోచలేదు.

నిజానికి అతని ఉంగరపు వేలు, చిటికెన వేలు నాలుగేళ్లుగా కొద్దికొద్దిగా అరచేతిలోకి వంగి, తిరిగి లేవడం మానేశాయి. నొప్పి లేదు. ముఖం కడుక్కోబోతే కంట్లో పొడుచుకునేవాడు. సారె మీద కుండ లేపుతుంటే ఆ రెండు వేళ్లూ పచ్చిమట్టిలో గాడి తీసేవి. సొట్టకుండలు కొనేవారు లేరు. అతనికి వేరే పని రాదు. బళ్లారి డాక్టరు బుధవారం కోసి సరిచేస్తానన్నాడు. ఆ రోజు తప్పితే మళ్లీ నాలుగు నెలలకు గాని వంతు రాదు.

కాబట్టి 1983లో ఆ బుధవారం ఉదయం శ్రీరంగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది: సద్ది తిని, ఏడు గంటల బస్సు ఎక్కడం. చేతికి దెబ్బ తగలకుండా భార్య ఓబులమ్మ తువ్వాలు చుట్టింది. అనర్థం ఆ తువ్వాలుతోనే మొదలైంది.

బస్సు దగ్గర రాళ్ల వ్యాపారి బయ్యన్న ఎదురుపడ్డాడు.

"యాడికి పోతాండావప్పా, చెయ్యి మూటగట్టుకోని?"

"బళ్లారికన్నా. చెయ్యి కోయించుకోవల్ల."

"కోసేదాకా వచ్చిందా! రాయి కండలోకి దిగిపోయినాదా?"

"రాయీ లేదు, రప్పా లేదు. వేళ్లు వంగినాయి, అంతే."

"ఉండాది కాబట్టే ఇంత గట్టిగా లేదంటాండావు!"

ఆ మాటకు బస్సులోని వారంతా కిందికి దిగారు. పిడికిలి తెరవమన్నారు. తెరుచుకోలేదు. ఇద్దరు పట్టి లాగారు, అప్పటికీ తెరుచుకోలేదు. తెరవలేని చేతికీ తెరవని చేతికీ తేడా పైకి కనిపించదు. లోపల రాయి ఉందని అందరికీ రూఢి అయ్యేసరికి బస్సు ఖాళీగా వెళ్లిపోయింది.

"మీ రాళ్లు మీ నోట్లో పడ! ఈ నాలుగు నెల్లు మేమేం తినాలప్పా?" అని వెంట వచ్చిన ఓబులమ్మ విరుచుకుపడింది.

"నా జీపుండాది కదక్కా, ఎక్కండి," అన్నాడు బయ్యన్న. డ్రైవరు బండి నడుపుతుంటే, బళ్లారి చేరేదాకా అతడు శ్రీరంగప్ప చేతిని తన రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

మధ్యాహ్నం డాక్టరు బయటికి రాగానే బయ్యన్న ఎదురెళ్లాడు.

"తీసినారా సార్?"

"తీసినాం. మొత్తం వచ్చింది."

"ఎంతుండాది?"

"రెండంగుళాలు."

బయ్యన్న గోడ పట్టుకున్నాడు.

"ముందే చెప్తాండా, ఇది మళ్లీ రావచ్చు. ఎడమ చేతికి కూడా రావచ్చు," అన్నాడు డాక్టరు.

"ఎడమ చేతికి కూడానా!" బయ్యన్న ఓబులమ్మ వైపు తిరిగాడు. "అక్కా, ఈయప్ప ఇంగ నా బాధ్యత. ఎన్నితూర్లు కట్టు మార్పించాలన్నా నా జీపులోనే తెస్తా."

"మాట తప్పవు కదా?"

"డాక్టరు సారే సాక్షి."

లోపల శ్రీరంగప్ప చేయి చెక్కబద్దకు కట్టి ఉంది. నాలుగేళ్ల తర్వాత ఐదు వేళ్లూ ఒకే వైపు చూస్తున్నాయి. అతడు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటున్నాడు.

"చూపించండి సార్, ఒక్కసారి," అని బయ్యన్న చేతులు జోడించాడు. కోసి తీసినదాన్ని వేసిన సీసాను డాక్టరు లోపలి నుంచి తెప్పించి వెలుతురుకు పట్టాడు.

అందులో ఉన్నది, అరచేతి చర్మం కింద గట్టిపడి వేళ్లను లోపలికి లాగిపెట్టిన రెండంగుళాల తెల్లటి నార.