ధరూరు పాతరలో ద్రాక్షాసవ సంగ్రామం

రోళ్లు పగలగొట్టే రోహిణీ కార్తె రాజ్యమేలుతుండగా, ప్రచండ మార్తాండుడు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ నెత్తిన నిప్పుల కిరీటం పెట్టిన వేళ, కృష్ణాతీరస్థిత ధరూరు గ్రామాన, పత్తివిత్తన విక్రయ ధురంధరుడు, ఎరువుల దుకాణాధీశ్వరుడు, స్వీయ ప్రశంసా సార్వభౌముడు అయిన లక్ష్మణ్ తన పెరటి పాతర కోసం చేసిన మహాసమరాన్ని వినండి. వింటే పుణ్యం రాదు. సరుకు ఎలా పాడవుతుందో తెలుస్తుంది. అదే లాభం.

ఎరువుల కంపెనీ వాళ్లు ఒకసారి డీలర్లను నాసిక్ తీసుకెళ్లి ద్రాక్షతోటలు చూపించారు. అక్కడి నేలమాళిగలో బారులు తీరి పడుకున్న వైన్ సీసాలను చూసి తక్కిన డీలర్లు భోజనం ఎక్కడని అడిగారు. మన వీరుడు మాత్రం వంశోద్ధరణ సంకల్పంతో పులకించాడు. తాతలు జొన్నలు దాచిన నేలపాతరకు మెట్లు కట్టించి, రాతి అరలు పేర్పించి, తడి గోనెలు వేలాడదీసి, నడుమ ఉష్ణమాపకాన్ని విజయధ్వజంలా నిలిపి, నాసిక్ నుంచి మోసుకొచ్చిన అరుణాసవ పూరిత సీసాలను శయనింపజేశాడు. చల్లదనం, చీకటి, చెమ్మ అతని సైన్యం. బుద్ధి అనే నాలుగో దళం యుద్ధానికి రాలేదు.

శత్రువు ఇంట్లోనే ఉంది. అతని ధర్మపత్ని, చింతపండు సంరక్షణ చక్రవర్తిని వసంత, పాతర మెట్లపై నిలిచి పలికింది.

"ఏందయ్యా, నా చింతపండు రేకుల కింద ఎండకు నల్లబడుతుంటే నీ సీసాలకు నీడనా? మృగశిర రాంగనే ఒకటి మీ అమ్మకు తాగిపియ్యి. బాగుందంటే పాతర నీది. లేకుంటే నాది."

"వసంతా, ఉంచినకొద్ది రుచి పెరిగే సరుకిది. నీకు తెల్వదు. దీనికోసం ఎండతోని కొట్లాడుత, ఉక్కతోని కొట్లాడుత, ఆ సూర్యుడే దిగొచ్చినా ఈ మెట్టు దిగనియ్య."

"సూర్యుడెందుకొస్తడు గీ బొందలకు? ముందు ఆ గోనెలు తడుపుకో, పో."

న్యాయమూర్తిగా నియమితురాలైన లక్ష్మణ్ తల్లి ఈరమ్మ సామాన్యురాలు కాదు. కల్లు ఏ పూట దింపిందో వాసనతోనే చెప్పగల ఘ్రాణ విశారద.

ఎండ ముదిరింది. పాతర వేడెక్కింది. ఒక సీసా బిరడా కొంచెం బయటికి జరిగి, అంచున ఎర్రని చుక్క నిలిచింది. అది లక్ష్మణ్ కంట పడింది. కల్లు పులిసి పొంగితే, మూతి బిగించిన సీసా పగులుతుందని నడిగడ్డలో పసిపిల్లలకూ తెలుసు. ఆ పరమజ్ఞానాన్నే ఆయుధంగా ధరించి, సీసాలన్నింటినీ నిలబెట్టి, బిరడాలన్నీ ఊడబెరికి, మూతుల్లో తన ఊరి పత్తినే కుక్కాడు.

"జర గాలి ఆడాలె," అని సీసాలకు ధైర్యం చెప్పాడు.

కల్లు పొద్దుగూకే లోపల కడుపులో పడుతుంది కాబట్టి దానికి దూది చెల్లుతుంది. గాలి తగిలితే చెడే సరుకుకు ఇంత కోట కట్టి, తన చేతులతోనే గాలికి తలుపు తీసిన వ్యాపారిని ఏ బజారులోనూ చూడలేదు.

మృగశిర వచ్చింది. ఈరమ్మ గ్లాసెత్తి ఒక గుక్క తాగి, మొహం ముడిచింది.

"ఎట్లుందమ్మా?"

"కొడకా, ఇది కల్లయితే దింపినోన్ని ఆ చెట్టుకే కట్టేస్తుంటి. సిర్కా అయింది."

"జర ఇంకో గుక్క తాగి చెప్పు."

"ఒక్క గుక్కకే పండ్లు జివ్వుమంటున్నయ్. నువ్వు తాగు."

తాగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాటిని అవమానాశ్రువులని కవులు రాసుకోవచ్చు. పులుపు వల్ల వచ్చాయి.

వసంత తడి గోనెలు పీకి ఎండలో పారేసింది. పాతర ఆరగానే చింతపండు బస్తాలు జయజయధ్వానాలు లేకుండానే లోపలికి దిగాయి. సరుకు పారబోయడం ఆమెకు చేతకాదు. వెనిగర్‌గా మారిన ఆ సిర్కాలోనే ఉల్లిగడ్డ ముక్కలు నానేసి మటన్ కూర పక్కన వడ్డించింది.

ఈరమ్మ నమిలింది. మళ్లీ చెయ్యి చాపింది.

"ఇంగో రెండు ముక్కలెయ్యి, వసంతా."

లక్ష్మణ్ తలెత్తాడు. వసంత అత్తవైపు, మొగుడివైపు చూసి నిట్టూర్చింది.

"సరే. ఒక్క మూల తీసుకో. నీ సీసాలు నా బస్తాలకు తగిలితే మాత్రం బయట పడేస్త."

అలా ఆ పరాజిత పరాక్రముడు, చింతపండు మహాపర్వతాల వెనుక, జానెడు మూలను జయించి, ఇక చెడడానికి ఏమీ మిగలని సిర్కా సీసాలకు ఒక్కొక్కటిగా బిరడాలు బిగించి, మీసం దువ్వుతూ మెట్లెక్కాడని దిక్కులన్నింటికీ చాటుతున్నాం.