ఖాళీ ఫైలుకు మొలిచిన చెట్టు

ఆ ఉదయం పెద్దక్క పెట్టుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికల్లా ల్యాబులో కూర్చోవాలి. చేపల ఫైలులో జన్యుక్రమాలు ఎన్ని ఉన్నాయో నల్లతెర మీద కమాండ్ కొట్టి లెక్కపెట్టాలి. ఆ అంకెను కాగితం మీద రాసి డైరెక్టర్ బల్ల మీద టప్పున పెట్టాలి.

పెట్టకపోతే సోమవారం నుంచి గాజుసామాను కడిగే గదికి బదిలీ. నల్లతెర రానివాళ్లకు ల్యాబులో చోటు లేదని డైరెక్టర్ ఉత్తర్వు వేశాడు. పెద్దక్క అక్కడ ఇరవై రెండేళ్ల సీనియర్ టెక్నీషియన్. చేపలు చచ్చిపోతున్న చెరువుల్లో మోకాలి లోతు బురదలో దిగి, మొప్పల నుంచి సూక్ష్మజీవులను సేకరించింది ఆవిడే. ఆ ఫైలులో ఉన్నవి ఆ సూక్ష్మజీవుల జన్యుక్రమాలే; అదంతా ఆవిడ నాలుగు నెలల రెక్కల కష్టం.

"సాయానికి రమ్మంటారా అక్కా?" అని ముందురోజే అడిగాడు ఆరు నెలల క్రితం చేరిన కంప్యూటర్ నిపుణుడు.

"అక్కర్లేదు. చెప్పు, రాసుకుంటా."

"ప్రతి క్రమం ముందూ ఒక బాణం గుర్తు ఉంటుంది. గ్రెప్ అని కొట్టి, బాణం కొట్టి, ఫైలు పేరు కొట్టండి. అంతే."

బాణాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలని మాత్రం అతను చెప్పలేదు. గుర్తులు లేని బాణానికి ఆ యంత్రం చెప్పుకునే అర్థమే వేరు: ఆ ఫైలును తుడిచి కొత్తగా మొదలుపెట్టమని. పెద్దక్క చెప్పింది చెప్పినట్టే కొట్టింది. తెర ఇంగ్లిషులో ఏదో కసిరి ఊరుకుంది. ఫైలు పరిమాణం చూస్తే సున్నా.

పెద్దక్క గుండె జారింది. కానీ నోరు జారలేదు. "నువ్వు నన్ను కడిగే గదికి పంపుతావా? చూద్దాం," అని తెరతోనే అని, సర్వర్‌లో ఉన్న మంచి ఫైలును తన దగ్గరికి తెచ్చుకోవడానికి కాపీ కమాండ్ తీసింది. ఎవరైనా నీళ్లు పోసేటప్పుడు ముందు గిన్నె పెట్టుకుని, తర్వాత బిందె వంచుతారు కదా. ఆ లెక్కన ఆవిడ ముందు తన ఫైలు పేరు, తర్వాత సర్వర్ పేరు కొట్టింది. యంత్రానికి గిన్నె మర్యాద తెలియదు. ముందున్నదాన్నే తీసుకెళ్లి వెనకున్నదానిలో పోసింది. ఇప్పుడు సర్వర్‌లోనూ సున్నాయే.

ఇక తప్పక నిపుణుడికి ఫోన్ చేసింది. అతను సమావేశం గదిలో కుర్చీలు సర్దిస్తున్నాడు. పదకొండింటికి చేపల పెంపకందారులు వస్తున్నారు మరి. చేపల ఫైలు నుంచి తన ప్రోగ్రాం గీసే వంశవృక్షాన్ని వాళ్లకు చూపించాలి; చెరువుల్లో కలిపే మందును నిర్ణయించింది దాన్ని బట్టే.

"మొత్తం ఖాళీ అయిపోయింది బాబూ. ఇప్పుడేం చేయను?"

కుర్చీల చప్పుడులో అతనికి సగమే వినబడింది. "అప్పుడే ఖాళీ అయిపోయారా? శభాష్ అక్కా! ఖాళీగా ఉంటే, నేను చేరిన కొత్తలో అందరికీ పంచిన కమాండ్ల కాగితంలో నాలుగోది కొట్టేయండి. మీ దగ్గరున్నది అందరికీ చేరిపోతుంది."

విరుగుడు అదేననుకుని పెద్దక్క నాలుగోది కొట్టింది. ఆవిడ దగ్గరున్న సున్నా ఏడు కంప్యూటర్లకూ, దాచిపెట్టిన నకలుకూ సమానంగా చేరిపోయింది.

పదకొండు కావస్తోంది. పారిపోవడం ఆవిడ వంటికి పడదు. "కడిగితే కడుగుతా. కానీ అబద్ధం మాత్రం ఆడను," అనుకుని విసవిసా సమావేశం గదికి వెళ్లింది.

"ఆగు బాబూ! ఆ ఫైలులో ఏమీ లేదు!"

అప్పటికే నిపుణుడు ఎంటర్ కొట్టేశాడు. గోడ మీద సూక్ష్మజీవుల వంశవృక్షం రంగురంగులుగా విచ్చుకుంది. మూడు నెలలుగా చూపిస్తున్న చెట్టే. కొమ్మ తేడా లేదు. పెంపకందారులు చప్పట్లు కొట్టారు.

"కూర్చోండి పెద్దక్కా, పరువు తీయకండి," అన్నాడు డైరెక్టర్.

"కూర్చోను. తొమ్మిదిన్నరకు నా చేతులతో ఆ ఫైలును ఖాళీ చేశాను. సర్వర్‌లోదీ, నకలూ కూడా. చూసుకోండి. విత్తనమే లేదు, మరి ఈ చెట్టెలా మొలిచింది?"

నిపుణుడు ఫైలు తెరిచాడు. సున్నా. ప్రోగ్రాం తెరిచి పైనుంచి కిందికి చదివాడు. అతని మొహంలో రంగు దిగిపోయింది. "ఇది... మన ఫైలు చదవడం లేదు సార్. నేర్చుకోవడానికిచ్చిన నమూనా ఫైలు చదువుతోంది."

"దేని నమూనా?"

"గొర్రెల పొట్టలోని సూక్ష్మజీవులది."

పెంపకందారుల్లో పెద్దాయన లేచాడు. "అంటే రేపు మా చెరువుల్లో కలపమన్న మందు గొర్రెలదా అండీ?"

మందు ఆపేశారు. అసలు క్రమాలు, సూక్ష్మజీవుల నుంచి వాటిని మొదట చదివిన సీక్వెన్సింగ్ యంత్రంలో భద్రంగా ఉన్నాయి. సాయంత్రానికి వాటిని పెద్దక్కే తెచ్చుకుంది. ఈసారి బాణానికి రెండు పక్కలా గుర్తులు పెట్టి మరీ లెక్కపెట్టింది.

డైరెక్టర్ ఇద్దరినీ సంజాయిషీ అడిగాడు. నిపుణుడు నాలుగు పేజీలు రాశాడు. పెద్దక్క ఒక్క వాక్యం రాసి టప్పున బల్ల మీద పెట్టింది: "చేపల ఫైలును ఖాళీ చేసిందీ నేనే, ఖాళీ అని చెప్పిందీ నేనే."

చేపల గురించి ఆ సంస్థ నుంచి వెలువడిన మొదటి సరైన నివేదిక అదే.