కనకప్ప చేను విముక్తి

పక్కవాళ్ల వ్యవహారంలో జోక్యం చేసుకోకపోవడమే నాగరికతకు మొదటి మెట్టు అని కవితాళ దగ్గరి కింది క్యాంపు కాలువ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (కోస్తా నుంచి వచ్చి తాతల నాడే స్థిరపడ్డారు, ఊరి పేరు మాత్రం ఇంకా క్యాంపే.) తీర్మానం నాటికి వాళ్ల మళ్లన్నీ నిండుగా ఉన్నాయి.

ఆ తీర్మానానికి కారణం కనకప్ప. పై క్యాంపుకీ కింది క్యాంపుకీ మధ్య, కాలువ పక్కన, అతనికో మిట్ట చేనుంది. పై క్యాంపు అధ్యక్షుడు శివరామకృష్ణయ్య బుల్లెట్ బండి మీద ఎదురొస్తే కనకప్ప సైకిల్ దిగి నిలబడలేదు. ఆ దౌత్యపరమైన తప్పిదానికి పై క్యాంపువాళ్లు అతని తూములో రాళ్లూ మట్టీ కూరారు.

"సావుకార్, పైరు పొట్టకొచ్చింది. గిప్పుడు నీళ్లు లేకుంటే అంతా తాలే. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి," అని కనకప్ప, కింది క్యాంపు అధ్యక్షుడైన చెంచయ్యకు చేతులు జోడించాడు.

చెంచయ్య మెత్తని మనిషి. కళ్లు చెమర్చాయి కూడా.

"కడుపు తరుక్కుపోతోందయ్యా కనకప్పా. కానీ అది వాళ్లింటి గొడవ. మనం వేలు పెడితే ఏం బాగుంటుంది?"

కమిటీ మాత్రం వాట్సాప్ గ్రూపులో తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. (ఆందోళన మూడు రకాలు: మామూలు, తీవ్ర, మిక్కిలి తీవ్ర. మూడోదానికి టీతోపాటు మిర్చి బజ్జీ ఉంటుంది.)

అడిగే నాథుడు లేడని తేలడంతో శివరామకృష్ణయ్యకు ధైర్యం పెరిగింది. ఈసారి కాలువకే అడ్డంగా చెక్క పలకలు దింపి నీళ్లన్నీ తన క్యాంపుకు మళ్లించుకున్నాడు. కింది క్యాంపు మళ్లలో బురద గట్టిపడసాగింది. సరిగ్గా అప్పుడే చెంచయ్యలో మానవత్వం మేల్కొంది.

"పాపం కనకప్ప! ఒక పేద రైతు గోసపడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి మనం మనుషులమా, మానులమా?" అని గర్జించాడు.

"మరి ఆయన ఇంటికొచ్చి ఏడ్చినప్పుడు మీరేమన్నారండీ?" అంది భార్య లక్ష్మీతిరుపతమ్మ. (ఇంట్లోవాళ్ల ప్రశ్నలు కమిటీ చర్చకు రావు.)

'కనకప్పకు న్యాయం' అన్న బ్యానర్ కట్టుకుని ట్రాక్టర్లు కదిలాయి. పలకలు పీకేశారు. కనకప్ప తూమునూ తవ్వి తెరిచారు. శాంతి వేళ్లూనుకునేదాకా అంటూ గట్టు మీద కాపలా పెట్టారు. నీళ్లు బిరబిరా కింది క్యాంపుకు పారాయి.

కనకప్ప చేనుకు మాత్రం ఎక్కలేదు. మిట్ట చేను కదా, కాలువలో రెండు పలకలు వేసి నీటిమట్టం లేపితేగాని ఆ తూముకు నీరందదు.

"రెండే పలకలు, సావుకార్. ఒక్క పూట ఏసి తీసేస్తా."

చెంచయ్య నిర్ఘాంతపోయాడు. "నీ కొంప ముంచినవే ఆ పలకలు! మళ్లీ వాటినే వెయ్యమంటావా? ఈ కాలువలో ఇంక పలకన్నదే ఉండకూడదని తీర్మానం చేశాం. అంతా నీకోసమేనయ్యా!"

"నాకోసం జేసేటప్పుడు నన్నొక మాట అడగొద్దా?"

ఆ మాటకు చెంచయ్య మనసు చివుక్కుమంది. ఉపకారానికి పోతే ఇంతే అనుకుని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. అయినా పెద్దమనసు చేసుకుని, కొన్నాళ్లకు విముక్తి సభ పెట్టి కనకప్పకు శాలువా కప్పాలని నిర్ణయించాడు.

సభకు చోటు దొరకడమే కష్టమైంది. ఎటు చూసినా నీళ్లు నిండిన మళ్లే. చివరికి కనకప్ప చేనులోనే జరిపారు. కుర్చీలు దిగబడకుండా నిలిచిన నేల అదొక్కటే.