కేకు మీద విచారణ

డిసెంబరు పద్నాలుగో తేదీ ఆదివారం, ఉదయం ఆరాధన ముగిసిన వెంటనే, సంఘ పెద్దలు ముగ్గురూ ఒక కేకు మీద విచారణ జరిపారు. కేకు స్వయంగా హాజరైంది. బరువు కిలోన్నర, వయసు ఒక రోజు. అందులో రమ్ము ఉందన్నది అభియోగం.

ఊరు విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గర. పేరెందుకు లెండి, మంచివాళ్ళు నొచ్చుకుంటారు.

కేకు చేసిన అమ్మాయి సుప్రియ. నెల్లూరులో బీఎస్సీ చదివింది. పెళ్ళయి ఆరు నెలలు. భర్త ఆనందబాబు రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్. కొత్త పెళ్ళికొడుకులు పెళ్ళాలకి చీరలు కొనిపెట్టడం లోకాచారం. ఆనందబాబు ఓవెన్ కొన్నాడు. దానితోపాటు వేలెడేసి ఎసెన్స్ సీసాలు పన్నెండు తెచ్చాడు. రోజ్, పైనాపిల్, బాదం, బటర్‌స్కాచ్, ఇంకా పలకడానికి నోరు తిరగనివి కొన్ని. సుప్రియ రోజూ పొద్దున్నే ఒక్కో మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూసి, నవ్వుకుని, మళ్ళీ మూత పెట్టేది. ఆ ఇంట్లో దీన్నెవరూ జబ్బు అనుకోలేదు.

సీసాలు వచ్చాక ఇల్లు సుభిక్షమైంది. కేసరిలో రెండు చుక్కలు పైనాపిల్ పడితే, అత్తగారు ఎలిశబెతమ్మ గిన్నె అడుగుదాకా ముక్కల కోసం వెతికింది. దొరక్కపోయేసరికి, "కంటికి ఆనకుండా తరిగిందంటే ఆ చేతిలో ఎంత పనితనముండాల!" అని వీధంతా చెప్పుకుంది. రొయ్యల మేత వాసనతో ఇంటికొచ్చే ఆనందబాబు కాలరుకి సుప్రియ ఒకనాడు బటర్‌స్కాచ్ రాసింది. రొయ్యల మేతా బటర్‌స్కాచూ కలిసిన వాసనకి శాస్త్రజ్ఞులు ఇంకా పేరు పెట్టలేదు. సుప్రియకి మాత్రం అది కాపురం వాసన.

ఇంతటి సుఖంలో ఉండగా, ఈసారి సంఘానికి క్రిస్మస్ కేకు బజారునుంచి వద్దనీ, తన కోడలే చేస్తుందనీ ఎలిశబెతమ్మ ప్రకటించింది. పెద్దలు ముందుగా నమూనా చేసి చూపమన్నారు. పండ్లని రమ్ములో నానబెట్టమని పుస్తకంలో ఉంది. సుప్రియ బుద్ధిమంతురాలు గనక నారింజ రసంలో నానబెట్టి, ఒక చెంచా రమ్ ఎసెన్స్ వేసింది. శనివారం షామియానా సంగతి మాట్లాడటానికి వచ్చిన సంఘ పెద్ద సమాధానం గారు వంటింటి గట్టు మీద ఆ సీసా చూశాడు. పైన పెద్దక్షరాల్లో రమ్ అని ఉంది. అంత చదివాక మిగతాది చదవాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

ఎలిశబెతమ్మ పద్దెనిమిదేళ్ళుగా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఏటా క్రిస్మస్ నాడు సంఘమంతటి చేతా 'మద్యం బొట్టు ముట్టము' అని ప్రమాణం చేయించేది ఆవిడే. ఆమె భర్త ఏ జబ్బుతో పోయాడో ఊరందరికీ తెలుసు గనక ఆ ప్రమాణం ఇంకొకరు చేయించాలని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు ఆమె ఇంట్లోంచే రమ్ము కేకు వచ్చిందని తేలితే పదవీ పోతుంది, ప్రమాణమూ పోతుంది. విచారణ జరుగుతున్నంతసేపూ ప్రమాణం రాసిన కాగితాన్ని ఆవిడ పిడికిట్లో పట్టుకునే కూర్చుంది. సుప్రియ కేకు వైపు చూడలేదు, ఆ పిడికిలి వైపే చూసింది.

సాక్ష్యాన్ని నోటితోనే పరిశీలించాలని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు.

సమాధానం గారు ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "రమ్మే. సందేహం లేదు. ముదురు రంగుది."

చిన్నబాబు గారు రెండో ముక్క అందుకున్నాడు. "అవునన్నా. అయితే మూడేళ్ళు పీపాలో ఊరిన సరుకు. గొంతులో దిగేటప్పుడు తెలస్తా ఉంది."

"మూడా? ఆరేళ్ళు తక్కువైతే నా పేరు మార్చుకుంటా," అన్నాడు మూడో పెద్ద, సంఘ కార్యదర్శి. ఈయన సంఘంలో 'జీవితంలో వాసన కూడా చూడనివారు' విభాగంలో సన్మానం పొందినవాడు.

"అది కాదు పెదనాయనా, అందులో..." అని సుప్రియ లేచింది.

"గమ్మునుండు పాపా! విచారణ జరగతా ఉంది," అన్నాడు సమాధానం గారు.

విచారణ నాలుగో ముక్క దాకా జరిగింది. అప్పటికి చిన్నబాబు గారు తన బండి తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, ఈ స్థితిలో తాను నడపకూడదని ప్రకటించాడు. కార్యదర్శి పదేళ్ళుగా మాటల్లేని తమ్ముణ్ణి తలుచుకుని కంటతడి పెట్టుకున్నాడు. సమాధానం గారు గోడ పట్టుకుని నిలబడి తీర్పు మొదలుపెట్టాడు: "సోదరులారా! మద్యమనే మహమ్మారి నేడు కేకు రూపంలో మన ముంగిట నిలిచినది. ఎలిశబెతమ్మ చేసిన సేవ కొండంత. ఆ కొండని కోడలు ఒక్క చెంచాతో తవ్విపారేసింది. కావున ఆమె తన పదవిని..."

సుప్రియ ఇక ఆగలేదు. సంచిలోంచి సీసా తీసి, వెనక వైపు చీమతలకాయంత అక్షరాలు గట్టిగా చదివింది. "కృత్రిమ సువాసన మాత్రమే. ఇందులో మద్యం లేదు."

చిన్నబాబు గారు మెల్లగా బండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సమాధానం గారు గోడ వదిలేశాడు. గోడ లేకపోయినా బాగానే నిలబడ్డాడు.

అప్పుడు ఎలిశబెతమ్మ నోరు విప్పింది. "నాకు తెలీక అడగతా ఉండా సమాధానం అన్నా. ఊరింది మూడేళ్ళా ఆరేళ్ళా అనేది నోట్లో ఏసుకుంటేనే ఎట్టా తెలస్తది?"

ఆ ప్రశ్నకి సమాధానం గారి దగ్గర సమాధానం కనబడలేదు. నిమిషంలోపే అభియోగం కొట్టేశారు. పదవీ, ప్రమాణమూ రెండూ ఎలిశబెతమ్మవేనని రాసుకున్నారు. కానీ పెద్దరికం అన్నాక ఏదో ఒకటి నిషేధించకుండా లేచి వెళ్ళడం బాగుండదు.

"ఏదేమైనా నకిలీ వాసన తప్పే," అన్నాడు సమాధానం గారు. "పండగపూట అబద్ధం తినిపిస్తామా? అసలైన వెనిల్లా సారం వెయ్యి పాపా."

సుప్రియ నిజాయితీ గల పిల్ల. "పెదనాయనా, అసలుదంటే వెనిల్లా కాయల్ని స్పిరిట్‌లో నెలల తరబడి నానబెట్టి తీస్తారు. సీసాలో ముప్పై అయిదు శాతం మద్యమే."

పెద్దలు తలలు దగ్గరగా చేర్చి మాట్లాడుకున్నారు.

"పేరేందన్నావు?"

"వెనిల్లా."

"పేరులో దోషం లేదు గదా," అన్నాడు చిన్నబాబు గారు.

"పైగా తాగింది కాయ. మనం కాదు," అన్నాడు కార్యదర్శి.

తీర్మానం రాసుకున్నారు: కృత్రిమ రమ్ము నిషిద్ధం, స్వచ్ఛమైన వెనిల్లా ఆమోదితం. "పైన క్రీములో కూడా ధారాళంగా వెయ్యమ్మా," అని సమాధానం గారు చేర్పించాడు.

ఇంటికి పోతూ ఎలిశబెతమ్మ అడిగింది. "కేకు లోపలేసిన మద్యం పొయ్యిలో ఆవిరై పోదా?"

"చాలావరకు పోద్ది అత్తమ్మా. క్రీముకి మాత్రం పొయ్యి లేదు."

ఎలిశబెతమ్మ నాలుగడుగులు ఆలోచించింది. "క్రీము పెద్దలకే పెట్టు." ఆ మాట అని, చాలా ఏళ్ళ తర్వాత రోడ్డు మీద పెద్దగా నవ్వింది. సుప్రియకి ఆ నవ్వు పన్నెండు సీసాలకంటే బాగుంది.

క్రిస్మస్ నాడు ప్రమాణం దివ్యంగా జరిగింది. ఎలిశబెతమ్మ కాగితం విప్పి చదివింది. అందరూ కుడిచేతులు ఎత్తారు. ముందు వరసలో పెద్దలు ముగ్గురూ మిగతావారికంటే ఎత్తుగా ఎత్తి, మీసాలకి అంటిన క్రీముతో 'బొట్టు ముట్టము' అన్నారు. ఎడమచేతుల్లో ప్లేట్లు ఉన్నాయి. అవి రెండోసారి నింపించుకున్నవి.

ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే, చేతిలో ఉన్నది కాస్త కింద పెట్టి నవ్వండి.