పన్నెండు లోపు పెరిగి రావాలి

కానిస్టేబుల్ సెలక్షన్ మైదానంలో హవల్దారు “ఒరేయ్ బక్కోడా, లైన్ల నిలవడు!” అని అరవగానే బొల్లం తిరుమలేష్ మూడు సెంటీమీటర్లు పొట్టివాడయ్యాడు. అందులో వింతేమీ లేదు. మర్యాదగా పిలిస్తే మనిషి పెరుగుతాడు, ఈసడిస్తే తగ్గుతాడు. పెద్దిళ్ల పిల్లలు ఉయ్యాల్లోంచే “బాబుగారు” అనిపించుకుని ఆరడుగులకు చేరతారు కనుక వాళ్లకు ఎత్తు కొలవడం నామమాత్రం. తిరుమలేష్ ఇంట్లోంచి బయల్దేరినప్పుడు సరిగ్గా నూట అరవై ఎనిమిది. కావలసిందీ అంతే. ఇప్పుడు నూట అరవై అయిదు.

కొలిచే గుమాస్తా ఎవరినీ ఏమీ పిలవకూడదని రూలు. “పన్నెండు లోపు పెరిగి రావాలి,” అన్నాడు గాలిలోకి చూస్తూ. వచ్చే ఏటికి తిరుమలేష్‌కు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

గేటు బయట ఊరి స్నేహితుడు సమ్మయ్య ఎదురొచ్చాడు. “ఏమైందిరా?” తిరుమలేష్ ఇంకో సెంటీమీటరు తగ్గాడు.

“నోరు ముయ్యి! ‘రా’ అంటే ఇంకింత తగ్గుత.”

“మరేమనాలె? మనూర్ల ఎవ్వలనన్న ‘అండి’ అన్నమా? బస్టాండు కాడ కోనసీమాయన టిఫిన్ సెంటరుంది, ఉరుకు. ఆయన కుక్కను సుత ‘అండి’ అంటడు. గా కుక్క దూడంత అయింది.”

టిఫిన్ సెంటరు యజమాని సత్తిబాబు నవ్వుతూ, “ఆయ్, దయచేయండి. ఏం తీసుకుంటారండీ?” అన్నాడు. ఒక సెంటీమీటరు. గోడ గడియారంలో పన్నెండుకు పావుగంట. ఇంకో మూడు కావాలి. తిరుమలేష్‌కు ప్రేమ పొంగింది. సత్తిబాబు భుజం మీద చెయ్యేశాడు.

“అన్నా, నువ్వు మస్తు మంచోనివి. జర ఇంకోసారి పిలువు.”

తిరుమలేష్ ఊళ్లో ‘నువ్వు’ సొంత అన్నతో అనే మాట. సత్తిబాబు ఊళ్లో అది తగవుకు పిలుపు. మనసులో ఏముందో కొలిచే కర్ర ఇంకా రాలేదు. సత్తిబాబు కౌంటరు వెనక గడ్డం దాకా కుంగాడు.

“ఏవండీ! బుద్ధుందాండీ తమరికి? ఎవరండీ తమర్ని పెంచిందీ? మా గేదెలు నయవండి! మర్యాదగా బయటికి నడవండి, లేకపోతే అట్లకాడతో కొడతానండి!”

తిట్టు పూర్తయ్యేసరికి తిరుమలేష్ గుమ్మానికి తల తగలకుండా వంగాల్సి వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాడు గానీ, తన మాటకు ఆయన ఇంకా కుంగిపోతాడేమోనని ఒట్టి దండం పెట్టి పరుగెత్తాడు. నూట డెబ్భై రెండు. ఉద్యోగం వచ్చింది.

ట్రైనింగు ముగిసి స్టేషన్లో చేరిన రోజు అందరికీ ఇచ్చినట్టే అతనికీ అంచులు మడుచుకునే ప్యాంటు ఇచ్చారు. పొద్దున హాజరు పిలుపులో ఎస్సై “ఏరా కొత్తోడా” అన్నాడు. తిరుమలేష్ నూట అరవై నాలుగుకు దిగి, ప్యాంటు మడుచుకుని, చౌరస్తాకు నడిచాడు. అక్కడ జామపళ్లమ్మే ముసలాయన ఒక్కడే అతనికంటే జానెడు పొడుగున్నాడు. ఇంట్లో పిల్లలు మర్యాదగా పిలుస్తారేమో.

“ఏయ్, బండి తియ్యిరా!” అన్నాడు తిరుమలేష్.

ముసలాయన జామపళ్ల కుప్ప వెనక కనబడకుండా పోయాడు. ఎదుటివాడు తగ్గితే మనం పెరిగేదేమీ ఉండదని ట్రైనింగులో చెప్పారు. నిజమే, తిరుమలేష్ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. కానీ ఇప్పుడా చౌరస్తాలో అందరికంటే పొడుగు అతనే. డ్యూటీకి అంతే కావాలి.